ముందు చక్రాల దగ్గర వింత చప్పుడు: ఆరు మైకుల కిట్ నాకు చూపించినవి

కారు ముందు భాగంలో ఒక యాక్సిల్ (ఇంజన్ తోపును చక్రానికి చేర్చే కడ్డీ), రెండు లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింది వైపు నుంచి పట్టి ఉంచే చేతులు), రెండు స్ట్రట్ మౌంట్లు (స్ప్రింగు ఉండే స్ట్రట్ పైకొనను బాడీకి కలిపే బిగింపులు) మార్పించి బండిని ఇంటికి తెచ్చుకున్న మరునాడు, రివర్సులో వెనక్కి వచ్చి మొదటి గేరు వేసి కదిలించగానే కాళ్ల కింద ఎక్కడో "టక్కు"మని ఒకే ఒక్క చప్పుడు వినిపించింది. ఆ తరువాత రోడ్డు మీద మామూలుగా పోతున్నంతసేపూ ఏమీ లేదు. స్పీడ్ బ్రేకరు మీద మెల్లగా ఎక్కి దిగినప్పుడు మాత్రం పాత తలుపు తెరిచినట్టు "కిర్రు"మంది. రిపేరుకు ముందు ఈ రెండు చప్పుళ్లలో ఒక్కటీ లేదు. అప్పుడు ఉన్నదల్లా మలుపు తిరిగేటప్పుడు వచ్చే "టక టక టక" మాత్రమే. ప్రక్క సీటు వైపు యాక్సిల్ బయటి జాయింటుకు ఉండే రబ్బరు బూటు చిరిగి, గ్రీజంతా పోయి, దుమ్ము చేరడం వల్ల వచ్చిన చప్పుడది. యాక్సిల్ మార్చాక ఆ చప్పుడు పూర్తిగా పోయింది కాబట్టి అసలు పని జరగలేదని నేను అనను. పని జరిగిన చోటే కొత్తగా రెండు చప్పుళ్లు పుట్టాయి, వాటి మూలం ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మూలాన్ని వెతకడానికి నేను కొన్న ఆరు మైకుల కిట్ గురించే ఈ సమీక్ష.

పని చేసిన గ్యారేజీకి తిరిగి వెళ్తే అక్కడి మెకానిక్ బండిని జాకీ మీద ఎత్తి, చక్రాన్ని పైకీ కిందకీ, పక్కలకూ ఊపి చూసి, "అన్నీ కొత్త పార్టులే సార్, నాలుగు రోజులు తిరిగితే అవే సర్దుకుంటాయి" అన్నాడు. నాలుగు రోజులు కాదు, రెండు వారాలు తిరిగాను. తగ్గలేదు. రెండోసారి వెళ్తే, మలుపుల్లో బండి ఒరగకుండా చూసే స్టెబిలైజరు బారుకు ఉండే లింక్ రాడ్లు అరిగి ఉంటాయనీ, వాటిని మారిస్తే పోతుందనీ చెప్పారు. లింక్ రాడ్డు చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చిన్న చిన్న గతుకుల మీద వరుసగా "కట కట కట"మంటుంది తప్ప, గేరు దిశ మారినప్పుడు ఒక్కసారి "టక్కు"మనదు. ఆ మాటే అంటే సరైన జవాబు రాలేదు. ఆ మెకానిక్‌ను నేను తప్పుపట్టడం లేదు. జాకీ మీద వేలాడుతున్న చక్రం మీద బండి బరువు లేనప్పుడు, ఇంజన్ తోయనప్పుడు, ఆ చప్పుడు ఎవరికి మాత్రం వినిపిస్తుంది? నా అభ్యంతరమల్లా, చప్పుడు ఎక్కడిదో తేలకముందే మరో పార్టు మార్చాలన్న తొందర మీదే.

నిజం చెప్పాలంటే అదే తొందర నాలోనూ ఉంది. చప్పుడు డ్రైవరు వైపు నుంచి, సరిగ్గా పెడల్స్ ముందు నుంచి వస్తున్నట్టు నాకు స్పష్టంగా అనిపించేది. డ్రైవరు వైపు యాక్సిల్ మార్చలేదు. కానీ ఆ వైపు లోయర్ ఆర్ము మార్చేటప్పుడు బాల్ జాయింటును (ఆర్ము కొసన ఉండే గుండు కీలు) విడదీసి నకిల్‌ను (చక్రం హబ్బును మోసే దిమ్మ) బయటికి లాగుతారు. అప్పుడు యాక్సిల్‌ను మరీ సాగదీస్తే గేర్ బాక్సు వైపు ఉండే లోపలి జాయింటులో మూడు రోలర్ల ట్రైపాడ్ తన గూటి నుంచి జారి వచ్చే ప్రమాదం ఉంది. అలా జారినదాన్ని ఎలాగోలా లోపలికి నెట్టి బిగించి ఉంటారని, దెబ్బ తిన్న ఆ జాయింటే దిశ మారినప్పుడల్లా కొడుతోందని నేనొక కథ అల్లుకున్నాను. ఆ కథ ఎంత నమ్మకంగా కుదిరిందంటే, డ్రైవరు వైపుకు కూడా కొత్త యాక్సిల్ కొనడానికి సిద్ధపడ్డాను. దాని బదులు ఈ కిట్ కొనడం నేను చేసిన మంచి పని.

కిట్‌లో ఉండేవి పెద్దగా ఏమీ కావు. బట్టల క్లిప్పును పోలిన ఆరు లోహపు క్లాంపులు, ఒక్కో క్లాంపుకు అతికించిన ఒక చిన్న మైకు, ఒక్కో మైకు నుంచి బండి ముందు నుంచి సీటు దాకా తేలిగ్గా అందేంత పొడవైన తీగ, ఆ ఆరు తీగలూ వచ్చి చేరే ఒక పెట్టె, దాని మీద 1 నుంచి 6 వరకు తిప్పే మీట, శబ్దాన్ని పెంచి తగ్గించే మరో మీట, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోను, అంతే. ఈ తరహా కిట్లు రకరకాల పేర్లతో దొరుకుతాయి, లోపలి ఏర్పాటు ఇంచుమించు ఒకటే. తీగలు లేని రకం కూడా ఉంది. అందులో ఒక్కో క్లాంపుకు సొంత బ్యాటరీతో ఒక చిన్న పెట్టె వేలాడుతుంది కాబట్టి, తీగలు లాగే శ్రమ తప్పినా ఆ పెట్టెలను కదలకుండా కట్టే శ్రమ మిగులుతుంది. నేను తీగల రకమే ఎంచుకున్నాను.

ఇందులో ప్రధానంగా అర్థం చేసుకోవలసింది ఒకటుంది. ఈ మైకులు గాలిలో వచ్చే శబ్దం కన్నా, తాము పట్టుకున్న లోహం అదురును ఎక్కువగా వినిపిస్తాయి. అందుకే బండి నడుస్తుండగా, చుట్టూ గాలి హోరు, టైర్ల మోత ఉన్నా, క్లాంపు పట్టుకున్న పార్టులో పుట్టిన చప్పుడు విడిగా తెలుస్తుంది. ఫోనులో రికార్డు చేసుకుంటే ఈ విడదీత రాదు. ఫోను వినేది కారు లోపలి గాలిని. అప్పటికే ఆ చప్పుడు సబ్‌ఫ్రేము (ముందు ఆర్ములను మోసే కింది చట్రం) నుంచి బాడీకి, బాడీ నుంచి డ్యాష్‌బోర్డుకు ప్రయాణించి, ఎక్కడ పుట్టిందో చెప్పలేనంతగా కలిసిపోయి ఉంటుంది. పొడవాటి స్క్రూడ్రైవరు పిడిని చెవికి ఆనించుకుని వినే పాత పద్ధతికి, మెకానిక్కులు వాడే స్టెతస్కోపుకు కూడా ఇదే పరిమితి ఉంది. నిలబడి ఉన్న బండిలో, తిరుగుతున్న ఇంజన్ మీద అవి చక్కగా పనిచేస్తాయి గానీ, కదిలే బండి కింద పడుకుని ఎవరూ వినలేరు.

తొలి ప్రయత్నం దాదాపు పాడైందనే చెప్పాలి. క్లాంపుల నోళ్లు చిన్నవి. నకిల్ అనేది పోతపోసిన మందపాటి దిమ్మ కాబట్టి దాన్ని పట్టుకోవడానికి క్లాంపుకు చోటు దొరకలేదు. దగ్గరలో పలుచగా, పట్టుకు అనువుగా కనిపించింది బ్రేక్ డిస్కు వెనక ఉండే రేకు. దానికి తగిలించాను. ఆ రేకు పళ్లెం లాంటిది, ఏ చిన్న అదురుకైనా మోగుతుంది. దానికి తగిలించిన మైకులో ప్రతి గులకరాయీ ఒక పిడుగే. తరువాత బ్రేకు గొట్టాన్ని నకిల్‌కు పట్టి ఉంచే మందమైన బ్రాకెట్టుకు మార్చాక గానీ వినదగిన శబ్దం రాలేదు. రబ్బరు మీద తగిలిస్తే ఏమీ వినిపించదు. అందుచేత బుష్ (ఆర్ము సబ్‌ఫ్రేముకు కలిసే చోట ఉండే రబ్బరు కూర్పు) గురించి తెలుసుకోవాలంటే బుష్‌ను కాదు, దానికి అటు ఉన్న ఆర్మును ఒక మైకుతో, ఇటు ఉన్న సబ్‌ఫ్రేమును మరో మైకుతో పట్టి, రెంటినీ పోల్చి చూడాలి.

రెండో పొరపాటు తీగలతో జరిగింది. మూడో నంబరులో "టిక్ టిక్ టిక్"మని తెగని చప్పుడు వస్తుంటే దొరికిందనుకుని సంబరపడ్డాను. బండి ఆపి కింద వంగి చూస్తే, వదులుగా ఉన్న ఆ మైకు తీగే ఫెండరు లోపలి ప్లాస్టిక్‌కు కొట్టుకుంటోంది. అప్పటి నుంచి ప్రతి తీగనూ జానెడు దూరానికొకటి చొప్పున ప్లాస్టిక్ టైలతో కట్టి, యాక్సిల్‌కు, సైలెన్సరు గొట్టానికి దూరంగా నడిపించి, బానెట్ సందులోంచి పైకి తెచ్చి, కిటికీ గుండా లోపలికి తీసుకోవడం అలవాటు చేసుకున్నాను. కదిలే ముందు స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పించి, టైరు ఏ తీగనైనా తాకుతోందేమో కిందికి వంగి చూడటం ఎంత మాత్రం మరువరాదు. తిరిగే యాక్సిల్‌కు తీగ చుట్టుకుంటే పోయేది మైకు ఒక్కటే కాదు, పక్కనే ఉన్న ఏబీఎస్ సెన్సరు తీగను కూడా అది లాగేయవచ్చు. అలాగే, హెడ్‌ఫోను పెట్టుకునేది పక్కన కూర్చున్నవారే గాని, బండి నడిపేవారు కాకూడదు. నడిపే మనిషి చెవులు రోడ్డుకే ఉండాలి.

కాబట్టి నేను నడిపాను, మా తమ్ముడు విన్నాడు. ఒకటో మైకు డ్రైవరు వైపు నకిల్‌కు, రెండోది ప్రక్క సీటు వైపు నకిల్‌కు, మూడు నాలుగు రెండు వైపుల లోయర్ ఆర్ములకు ముందు బుష్ దగ్గర, అయిదోది సబ్‌ఫ్రేముకు, ఆరోది బానెట్ కింద డ్రైవరు వైపు స్ట్రట్ మౌంటు బోల్టుకు తగిలించాము. ఖాళీ మైదానంలో మెల్లగా ముందుకు రెండు బారలు, ఆపి వెనక్కి రెండు బారలు, మళ్లీ ముందుకు. నంబరు మార్చిన ప్రతిసారీ అదే పని. శబ్దం పెంచే మీటను మాత్రం మొదట పెట్టిన చోటు నుంచి కదపకూడదని ముందే అనుకున్నాము. అది కదిలితే ఒక నంబరును మరో నంబరుతో పోల్చడానికి ఆధారమే ఉండదు. ఒకటో నంబరులో చప్పుడు వచ్చింది, కానీ దూరంగా, గుడ్డ చుట్టినట్టు మెత్తగా వచ్చింది. రెండుకు తిప్పి నేను బండిని ముందుకు కదిలించగానే తమ్ముడు ఉలిక్కిపడి హెడ్‌ఫోను చెవి నుంచి లాగేశాడు. "అన్నయ్యా, ఇది నీ వైపు కాదు, నా వైపే. సుత్తితో కొట్టినట్టుంది" అన్నాడు. నమ్మబుద్ధి కాక, స్థానాలు మార్చుకుని నేనూ విన్నాను. అనుమానానికి తావు లేదు. కొత్త యాక్సిల్ వేసిన వైపే, నకిల్ దగ్గరే, గట్టిగా, పొడిగా, లోహం మీద లోహం తగిలిన చప్పుడు.

మరి అది నా కాళ్ల దగ్గర ఎందుకు వినిపించింది? నకిల్ నుంచి టై రాడ్డు (స్టీరింగు తిప్పితే చక్రాన్ని తిప్పే కడ్డీ) స్టీరింగు ర్యాకుకు పోతుంది. ర్యాకు సబ్‌ఫ్రేము మీద బిగించి ఉంటుంది. అక్కడి నుంచి స్టీరింగు కాలమ్ ఉక్కు కడ్డీలా నేరుగా డ్రైవరు కాళ్ల దగ్గరికి వస్తుంది. ప్రక్క సీటు వైపు చక్రం దగ్గర పుట్టిన దెబ్బ ఆ దారిన నడిచి వచ్చి నా పాదాల ముందు పలికింది. అయిదో నంబరులో, అంటే సబ్‌ఫ్రేము మీద, అదే దెబ్బ ఒకటో నంబరులో కన్నా గట్టిగా వినిపించడం ఈ దారికి రుజువుగా నాకు తోచింది. చెవిని నమ్మి డ్రైవరు వైపు యాక్సిల్ విప్పించి ఉంటే, ఏ దోషమూ లేని పార్టును నా చేతులారా తీసి పారేసేవాణ్ణి.

ఇక్కడే ఈ కిట్‌కున్న హద్దు కూడా తెలిసింది. అది చోటు చెబుతుంది, కారణం చెప్పదు. నకిల్ దగ్గర చప్పుడంటే అందులో హబ్ బేరింగు (చక్రం తేలిగ్గా తిరిగేలా చూసే గుండ్ల కూర్పు) ఉంది, యాక్సిల్ బయటి జాయింటు ఉంది, బాల్ జాయింటు ఉంది, టై రాడ్ ఎండ్ ఉంది, బ్రేకు క్యాలిపరు, ప్యాడ్లు ఉన్నాయి. వాటిలో ఏదో చెప్పవలసింది చప్పుడు లక్షణమే. మన భాషలో చప్పుళ్లకు ఉన్నన్ని మాటలు ఈ పనికి ఎంతో ఉపయోగపడతాయి. మెకానిక్‌తో "ఏదో సౌండ్ వస్తోంది" అనే బదులు అది గుర్రుమంటోందో, కిర్రుమంటోందో, గీరుతోందో చెప్పగలిగితే సగం దారి నడిచినట్టే. వేగం పెరిగే కొద్దీ పెరిగే "గుర్ర్" మోత, అదీ ఒక వైపు బరువు పడే మలుపులో హెచ్చి, ఎదుటి మలుపులో తగ్గితే, అది హబ్ బేరింగుది. స్టీరింగు పూర్తిగా తిప్పి యాక్సిలరేటరు తొక్కినప్పుడు చక్రంతో పాటు లయగా వచ్చే "టక టక టక" బయటి జాయింటుది. నిలబడ్డ బండిలో స్టీరింగు తిప్పితే స్ప్రింగు ఒక్కసారి "ఠంగు"మని ఎగిరినట్టయితే అది స్ట్రట్ మౌంటు బేరింగు దగ్గరిది. ఒకరు స్టీరింగు తిప్పుతుండగా మరొకరు స్ప్రింగు మీద చేయి వేస్తే, అది బిగుసుకుని ఒక్క ఉదుటున విడివడటం అరచేతికే తెలుస్తుంది. గతుకుల మీద గలగలమంటూ, బ్రేకు మీద కాలు ఆన్చగానే ఆగిపోయేది క్యాలిపరులో ప్యాడ్లను పట్టి ఉంచే క్లిప్పుల లోపం. సన్నని రేకు రాపిడిలా చక్రంతో పాటు గీరే చప్పుడు, యాక్సిల్ మార్చేటప్పుడు చేయి తగిలి వంగిన డిస్కు వెనకరేకుది కావచ్చు. దాన్ని వేలితో కాస్త వెనక్కి వంచితే చాలు.

లయను లెక్కపెట్టడం కూడా ఒక ఆధారమే. 185/65 ఆర్15 కొలత టైరు ఒక చుట్టుకు దాదాపు 1.95 మీటర్లు నడుస్తుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు అయిదున్నర మీటర్లు పోతుంది కాబట్టి, ఆ చక్రం పది సెకన్లలో 28 చుట్ల వరకు తిరుగుతుంది. పది సెకన్లలో 28 దెబ్బలు వినిపిస్తే చక్రంతో పాటు తిరిగే పార్టులో ఒకచోట లోపం ఉన్నట్టు. ఆ లెక్కకు ఎంతమాత్రం పొంతన లేకపోతే, తిరిగే పార్టులను పక్కన పెట్టి, కదిలే పార్టులను, వదులైన బిగింపులను వెతకాలి. మా బండిలో వచ్చినది చక్రం తిరిగినంతసేపూ వచ్చే చప్పుడు కాదు. దిశ మారిన క్షణంలో ఒకే ఒక్క దెబ్బ, ఆ తరువాత నిశ్శబ్దం. అంటే తోపు ఒక వైపు నుంచి మరో వైపుకు మారినప్పుడు ఏవో రెండు లోహాల మధ్య ఉన్న వెంట్రుకవాసి ఖాళీ మూసుకుంటోంది. యాక్సిల్ కొనకు, హబ్బుకు మధ్య పళ్లు పళ్లుగా కుదిరే స్ప్లైన్ జోడింపు తప్ప, ఆ చోట అలా కొట్టగలిగిన వస్తువు మరొకటి నాకు తోచలేదు.

హబ్ మధ్యలో ఉండే యాక్సిల్ నట్టు మీద మూత తీసి, నట్టు మీదా యాక్సిల్ కొన మీదా కలిసి వచ్చేలా తెల్ల రంగుతో ఒక సన్నని గీత గీశాను. చక్రాలు నేల మీదే ఉంచి, మరొకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే, టార్క్ రెంచిని (అమర్చిన బిగువు రాగానే క్లిక్‌మనే రెంచి) సర్వీసు మాన్యువల్ చెప్పిన అంకెకు అమర్చి బిగించాను. ఈ నట్టుకు కావలసిన బిగువు చిన్న కార్లలో సైతం చాలాచోట్ల 200 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. రెంచి "క్లిక్" అనేలోగా నట్టు మీది గీత కొన మీది గీతను దాటి దాదాపు పావు చుట్టు ముందుకు పోయింది. గాలి గన్నుతో "బర్ర్"మనిపించి వదిలేసిన నట్టు అది. గన్ను చప్పుడును బట్టి బిగువు కొలవడం ఎవరి వల్లా కాదు. ఇప్పటి హబ్ బేరింగులు చాలావాటిలో లోపలి గుండ్లను సరైన ఒత్తిడిలో పట్టి ఉంచేది కూడా ఈ నట్టే కాబట్టి, దీని బిగువు తక్కువై ఉండగా బండి నడిపితే చప్పుడు ఒక్కటే కాదు, బేరింగు కూడా పాడయ్యే వీలుంది. అసలు ఈ నట్టు బిగించకుండా చక్రాన్ని నేల మీద దొర్లించకూడదనడానికి కారణమూ ఇదే.

పాత నట్టును బిగించి ఊరుకోలేదు. బిగించాక అంచును యాక్సిల్ గాడిలోకి సుత్తితో నొక్కే రకం నట్లు ఒకసారి వాడకానికే ఉద్దేశించినవి. అందువల్ల కొత్త నట్టు తెచ్చి, యాక్సిల్ కొనను కొంత లోపలికి నెట్టి, స్ప్లైన్ల మీది తుప్పునూ ఇసుకనూ బ్రష్‌తో తుడిచి, పలుచగా లేపనం రాసి, మళ్లీ కూర్చి, మాన్యువల్ అంకెకు బిగించాను. కొన్ని తయారీ సంస్థలు ఈ చోట లేపనం గానీ, పూత పూసిన వాషరు గానీ సూచిస్తాయి, కొన్ని వద్దంటాయి, కాబట్టి ఎవరి బండి మాన్యువల్ వారు చూసుకోవాలి. ఆ పూటే మళ్లీ రెండో మైకు తగిలించి, ముందుకూ వెనక్కూ ఇరవై సార్లు నడిపాము. టక్కు లేదు. ఆ తరువాత గంటకు 40, 60 కిలోమీటర్ల వేగంలో నకిల్ మీది మైకులనే వింటూ రెండు వైపుల బేరింగులనూ పోల్చాము. రెండూ ఒకే తీరున, మెత్తని హోరులాగే ఉన్నాయి. బేరింగుకు దెబ్బ తగల్లేదన్న నిశ్చింత కిట్ వల్ల దొరికిన రెండో మేలు.

కిర్రుమనే చప్పుడు మాత్రం మిగిలే ఉంది. దాని కథ వేరు. స్పీడ్ బ్రేకరు లాంటి మిట్ట మీద నడకంత వేగంతో ఎక్కి దిగుతూ వింటే, అది డ్రైవరు వైపు లోయర్ ఆర్ము మీది మూడో నంబరులో గట్టిగా, సబ్‌ఫ్రేము మీది అయిదో నంబరులో కొంచెం తగ్గి, మిగిలినవాటిలో లీలగా వినిపించింది. పైన స్ట్రట్ మౌంటు మీది ఆరో నంబరులో దాదాపు లేనేలేదు. అంటే గ్యారేజీవారు వేసిన కొత్త మౌంటు నిర్దోషి. ఆర్మునూ సబ్‌ఫ్రేమునూ కలిపే ముందు బుష్ దగ్గరే అది పుడుతోంది.

బుష్ కొత్తది కదా, కొత్త బుష్ కిర్రుమనడమేమిటి అనిపించవచ్చు. ఈ బుష్‌లో మధ్య ఒక ఉక్కు గొట్టం, దాని చుట్టూ రబ్బరు, రబ్బరు చుట్టూ ఆర్ము ఉంటాయి. బోల్టు బిగిస్తే ఆ ఉక్కు గొట్టం బ్రాకెట్టు గోడల మధ్య నొక్కుకుని కదలకుండా నిలిచిపోవాలి. ఆర్ము పైకీ కిందికీ ఊగినప్పుడు మెలిపడేది రబ్బరు మాత్రమే. బండి జాకీ మీద ఉండగా చక్రం కిందికి వేలాడుతుంది, ఆర్ము కూడా కిందికి వాలి ఉంటుంది. ఆ స్థితిలోనే బోల్టును చివరిదాకా బిగిస్తే, బండిని కిందికి దించిన క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉంటుంది. నిలబడి ఉన్నా అది విశ్రాంతి లేకుండా లాగుతూనే ఉంటుంది. బోల్టు బిగువు కాస్త తక్కువైతే ఉక్కు గొట్టం బ్రాకెట్టు గోడల మధ్య జారుతూ కిర్రుమంటుంది, బిగువు సరిపోతే కొన్నాళ్లకు రబ్బరే చిరుగుతుంది. అందుకే ఇలాంటి అడ్డ బోల్టులను మొదట వదులుగా వేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక తుది బిగువు ఇవ్వాలని మాన్యువళ్లు చెబుతాయి. ఇది లిఫ్టు మీద నిలబడి చేతికందినంత సులువుగా చేసే పని కాదు కాబట్టి, రద్దీగా ఉండే గ్యారేజీలలో వదిలేసే మెట్టు కూడా ఇదే.

ముందు చక్రాలను ర్యాంపుల మీదికి ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు దిమ్మలు పెట్టి, ఆ బోల్టును వదులు చేశాను. బోల్టు సగం చుట్టు వదులైందో లేదో, ఆర్ము లోపల "ఠప్"మని ఏదో సర్దుకున్న చప్పుడు వచ్చి, రెంచి పట్టుకున్న నా చేతికి ఆ కుదుపు తెలిసింది. అన్ని రోజులుగా మెలిపడి ఉన్న రబ్బరు తన సహజ స్థితికి వచ్చిన చప్పుడది. బండి ముందు భాగాన్ని నాలుగుసార్లు నొక్కి వదిలి, స్ప్రింగు కుదురుకున్నాక, ఆ స్థితిలోనే బోల్టును బిగించాను. రెండో వైపునూ అలాగే చేశాను. అక్కడ కిర్రు లేకపోయినా బిగించిన చేతులు అవే కదా. ఆ వైపు కూడా అదే "ఠప్". ఇలాంటి బోల్టులలో కొన్ని ఒకసారి వదులు చేస్తే మార్చవలసినవి ఉంటాయి. మా బండికి ఆ నియమం లేదని మాన్యువల్‌లో చూసుకున్నాకే పాతవి వాడాను.

ఇంతకీ కిట్ మీద నా తీర్పు. చప్పుడును కావాలన్నప్పుడు రప్పించగలిగినవారికి, అంటే ఏం చేస్తే అది వస్తుందో ముందే తేల్చుకున్నవారికి, ఇది చాలా మంచి పరికరం. ఎప్పుడో పదిరోజులకొకసారి వచ్చే చప్పుడుకు ఇది పెద్దగా ఉపయోగపడదు. ఆరు తీగలు కట్టుకుని పదిరోజులు తిరగలేము. చప్పుడు రప్పించే తీరు తెలియనివారు ముందుగా కాగితం మీద, ఏ వేగంలో, స్టీరింగు ఏ వైపు ఉన్నప్పుడు, బ్రేకు మీదనా యాక్సిలరేటరు మీదనా, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా అన్నది రెండు మూడు రోజులు రాసుకుంటే, ఆ తరువాత కిట్‌తో ఒక్క పూటలో పని తేలుతుంది. నిర్మాణం విషయంలో మాత్రం నాకు రెండు అసంతృప్తులు ఉన్నాయి. క్లాంపుల స్ప్రింగులు బలహీనం. గతుకులో ఒక క్లాంపు రెండుసార్లు ఊడిపడింది, చివరికి ప్రతి క్లాంపునూ టైతో బిగించి కట్టవలసి వచ్చింది. తీగల మీద నంబర్లు అంటించిన కాగితపు ముక్కలు తొలి తడికే చెరిగిపోయాయి. ఏ తీగ ఏ నంబరో తెలియకపోతే ఈ కిట్ తప్పుడు సాక్ష్యం చెబుతుంది కాబట్టి, కొన్న రోజే రెండు కొసలా రంగు టేపు చుట్టుకోవడం అవసరం. హెడ్‌ఫోను బాగుంది. శబ్దం పెంచే మీట మాత్రం కొంచెం కదిపినా ఒక్కసారిగా హోరెత్తిపోతుంది. వినేవారి చెవుల క్షేమం కోసం తక్కువలో మొదలుపెట్టాలి.

సొంతంగా స్పానరు పట్టనివారు కూడా దీనితో లాభపడవచ్చు. మైకులు తగిలించి, విని, "ప్రక్క సీటు వైపు నకిల్ దగ్గర, దిశ మారినప్పుడు మాత్రమే, ఒక్క దెబ్బ" అని రాసి గ్యారేజీలో ఇస్తే, ఊహల మీద లింక్ రాడ్లు మార్చే అవసరం వారికీ రాదు, మనకూ రాదు. నేను పని పూర్తయ్యాక అదే గ్యారేజీకి వెళ్లి, గీత గీసిన పాత నట్టు చూపించి జరిగింది చెప్పాను. ఆ మెకానిక్ నట్టును అటూ ఇటూ తిప్పి చూసి, కిట్‌ను ఒకసారి చూడాలని అడిగాడు. మరో బండి దగ్గరికి తీసుకెళ్లి గంటసేపు విన్నాడు. అది నాకు సంతోషం కలిగించింది.

లోయర్ ఆర్ము బోల్టులను కదిపాము కాబట్టి ఆ తరువాత వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాను. వంద కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్లనూ టార్క్ రెంచితో ఒకసారి సరిచూశాను, ఏదీ వదులు కాలేదు. ఇప్పటికి మూడు నెలలు. రివర్సు నుంచి మొదటి గేరుకు మారినప్పుడు గేరు పడిన చప్పుడు తప్ప మరేమీ వినిపించడం లేదు.